పలకరొయ్యకు పేరు

అప్పలకొండ చేతిలో బకెట్ కింద పెట్టలేదు. గుమ్మంలో నిలబడి, దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకునే మాట్లాడింది.

"అమ్మగారూ, మా అమ్మని టేసన్‌కి తీసుకుపోనారు. రొయ్యలు పాడవకుండా ఏదో మందు జల్లి అమ్మిందంట. నలుగురు పోనారు గదా, ఆ నలుగురిలో మా అయ్యొకడు. సొంత మొగుడికి మందు జల్లిన కూర ఎవులైనా ఒడ్డిస్తారేటి?"

పేరిందేవి పొద్దున్నే పేపర్లో ఆ వార్త చదివింది. చినగడ్డపాలెం రేవులో రొయ్యలు తిని నలుగురు మృతి, అమ్మిన మహిళ అరెస్టు. ఆ మహిళ తమ కొర్లమ్మేనని మాత్రం ఆమెకు తట్టలేదు. పదిహేనేళ్లుగా ఇదే గుమ్మంలో గంప దించి, చందువా చేపలు బేరమాడి అమ్మిన గరికిన కొర్లమ్మ.

"లోపలికి రా. బకెట్లో ఏముంది?"

"పెంకులు. పోలీసోలు కూర అట్టుకుపోనారు, పెంకులొగ్గేసినారు. మీరు ఈటికే పేర్లెడతారని అమ్మ సెప్పీది. అందుకని పెంట మీద ఏరి తెచ్చినాను."

నిజమే. పేరిందేవి ముప్ఫై ఒక్క ఏళ్లు అదే పని చేసింది. సముద్ర జీవుల పరిశోధన సంస్థలో పెంకు జీవుల వర్గీకరణ ఆమె విభాగం. ఏ పీత ఏ జాతిదో, ఏ రొయ్య ఏ ప్రజాతిలోకి వస్తుందో తేల్చడమే ఉద్యోగం. రిటైరై ఏడేళ్లయింది.

భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి పెంకులు దాని మీద పెట్టించింది. ఎనిమిది. చదునుగా, ఇసుక రంగులో, అరచేతి కన్నా కొంచెం పెద్దవి. మామూలు రొయ్యకు పొడుగాటి మీసాలుండే చోట వీటికి గరిటెల్లాంటి పలకలుంటాయి. అందుకే రేవుల్లో వీటిని పలకరొయ్యలంటారు. పుస్తకాల్లో చెప్పురొయ్యలని రాస్తారు, పాత చెప్పు ఒకటి ఇసుకలో పడి ఉన్నట్టే కనిపిస్తాయి గనక.

అప్పలకొండ చున్నీ కొంగు ముడి విప్పి ఒక పచ్చ చీటీ తీసింది. "రేవులో పోలిక మిషన్ ఇచ్చిన సీటీ ఇది. ఇది లేకుండా మేవు తట్ట ఎత్తం."

చీటీ మీద అచ్చులో ఉంది: ఇసుక పలకరొయ్య. తినవచ్చు.

ఇసుక పలకరొయ్యే. రంగు అదే, ఆకారం అదే. పేరిందేవి కూడా అలాగే అనుకుని, అలవాటు కొద్దీ భూతద్దం తీసింది. ఇసుక పలకరొయ్యను గుర్తు పట్టడానికి ఒక తిరుగులేని ఆనవాలుంది. దాని కళ్లు డొప్పకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, సరిగ్గా మూలల్లో ఉంటాయి. ఆ బంధువర్గంలో ఇంక దేనికీ కళ్లు అంత ఎడంగా ఉండవు. ఈ పెంకుకూ మూలల్లో నల్లగా, గుండ్రంగా ఉన్నాయి. సూదితో ఒకదాన్ని తాకింది. ఎండిపోయిన కన్నయితే మెత్తగా లోపలికి దిగాలి. సూది టక్కుమని జారింది.

అది కన్ను కాదు. పెంకు మీద పుట్టిన నల్లటి బొడిపె. అసలు కన్ను దానికి బొటనవేలంత లోపల, రెప్పలాంటి పలక కింద, సన్నటి గుంటలో దాక్కుని ఉంది. రెండో పెంకూ అంతే. ఎనిమిదీ అంతే.

పేరిందేవి కుర్చీలో వెనక్కి వాలింది. "ఇది అది కాదమ్మాయ్," అంది. "దీనికింకా పేరు లేదు."

"పేరు లేదంటే?"

"ఇప్పటిదాకా ఎవరూ చూడలేదని. దగ్గరి చుట్టం కూడా కాదు. కళ్ల గుంటలు చూస్తే ప్రజాతే వేరనిపిస్తోంది. మీవాళ్లు ఎక్కడ పట్టారు?"

"లోతులో. ఒడ్డున ఏటీ దొరకట్లేదని మా బాబాయి ఈ యేడు కాలవ దాటి అవతలికెళ్తన్నాడు."

సముద్రగర్భంలో నేల ఒక్కసారిగా పడిపోయే చోటుని రేవువాళ్లు కాలవ అంటారు. దాని అవతల ఏ జీవులున్నాయో సరిగా వెతికినవాళ్లు లేరు.

*

మర్నాడు జైల్లో కొర్లమ్మ కటకటాల అవతల నేల మీద కూర్చునే మాట్లాడింది. లేచి నిలబడే ఓపిక ఆమెకు ఉన్నట్టు లేదు.

"పెదాలు సిమసిమలాడతన్నాయే అన్నాడమ్మా ముందల. కారం ఎక్కువేసినావన్నాడు. అంతలో సేతులు తిమ్మిరన్నాడు. గళాసు అట్టుకోలేకపోనాడు. మాట ముద్దగా అయిపోనాది. ఆటోలోకి ఎక్కించేసరికి ఊపిరి అందలేదు. కళ్లు మాత్రం నా మీదే ఎట్టినాడు. తెలివి ఉందమ్మా ఆడికి, సివరిదాకా."

"నువ్వు తినలేదా?"

"ఆకలి లేదని తిన్లేదు. అదే తప్పయిపోనాది. నువ్వెందుకు తిన్లేదని అడుగుతన్నారు. తినుంటే సచ్చీదాన్ని, తిన్లేదు గాబట్టి దొంగనయినాను." ఆమె కళ్లు తుడుచుకుంది. "రొయ్యలు బతికే ఉన్నాయమ్మగారూ. తట్టలో కొట్టుకుంటంటే పోలిక మీదెట్టినాను. బతికున్నదానికి మందెందుకు జల్లుతాను?"

పెదాలు చిమచిమ, చేతులు తిమ్మిరి, మాట ముద్ద, చివరికి ఊపిరి. అది పురుగుమందు లక్షణం కాదు. కొన్ని రకాల పీతల్లో, చేపల్లో ఉండే, ఎంత ఉడికించినా పోని విషం అలా చంపుతుంది. పోలిక ఆ పచ్చ చీటీ ఎలా ఇచ్చిందో, రాష్ట్రం మొత్తమ్మీద బాగా తెలిసిన ఇద్దరిలో పేరిందేవి ఒకతె.

*

రెండో మనిషి మధుమూర్తి. ఒకప్పుడు ఆమె శిష్యుడు, ఇప్పుడు సంస్థకు డైరెక్టరు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు, కాఫీ తెప్పించాడు.

పోలికను తయారు చేసింది వీళ్లిద్దరూ. గాజు పలక మీద జీవిని పెడితే నీలి వెలుగుతో చూసి, దాని ఒంటి తడిని చిటికెడు పీల్చి, పది సెకన్లలో పేరు చెప్పే పెట్టె. ఏ ఆనవాళ్లు చూడాలో దానికి నేర్పింది పేరిందేవి, తన జీవితకాలపు నోటుపుస్తకాలతో. ఇప్పుడు ప్రతి రేవులో ఒకటుంది. దాని చీటీ లేకుండా సముద్రపు సరుకు అమ్మడం నేరం. దాని చీటీలో ఉన్నది చట్టం ముందు నిజం.

పేరిందేవి రెండు పెంకులు అతని బల్ల మీద పెట్టి, సూదితో బొడిపెను తాకి చూపించింది. మధుమూర్తి అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైందని ఆమెకు తెలుసు. తన దగ్గర నేర్చుకున్నవాడు.

"కొత్త ప్రజాతే మేడమ్," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "వచ్చే నవీకరణలో చేర్చేద్దాం. 'తినరాదు' అని. ఎవరికీ ఇబ్బంది లేకుండా."

"ఎవరికీ ఇబ్బంది లేకుండానా? నలుగురు చచ్చిపోయారు మధూ. ఒకావిడ జైల్లో ఉంది."

"ఆమె కేసు కోర్టు చూసుకుంటుంది."

"కోర్టు నీ చీటీని చూస్తుంది! ఇసుక పలకరొయ్యలో విషం ఉండదు, కాబట్టి విషం కలిపింది కొర్లమ్మే. వాళ్ల వాదనంతా అదే. ఆ రోజు యంత్రం లోపల ఇసుక పలకరొయ్యతో ఎంత శాతం పోలిక కట్టిందో నాకు కావాలి."

అతను పెంకులను ఆమె వైపు జరిపాడు.

"అరవైయ్యా? యాభయ్యా?"

"యాభై మూడు," అన్నాడు, కిటికీ వైపు చూస్తూ. "అయినా ఆ అంకె బయటికివ్వడానికి వీల్లేదు. మేడమ్, మీరు కూడా ఒకసారి ఆలోచించుకోండి. ఆ ఉత్తర్వు కింద సంతకం మీది."

ఆమె కాఫీ కప్పు కింద పెట్టేసింది.

మొదట తయారైనప్పుడు పోలికకు నాలుగు జవాబులుండేవి. తినవచ్చు, తినరాదు, రక్షిత జీవి, తెలియదు. ఆ నాలుగోదాని కోసం పేరిందేవి రెండేళ్లు కష్టపడింది. పేరు చెప్పడం నేర్పడం తేలికైంది. తనకు తెలియదని తెలుసుకోవడం నేర్పడమే కష్టమైంది. తీరా రేవుల్లో పెట్టాక, 'తెలియదు' వచ్చిన ప్రతిసారీ వేలం ఆగేది, నమూనా సంస్థకు రావలసి వచ్చేది, ఎగుమతిదారులు గగ్గోలు పెట్టేవాళ్లు. గుర్తింపు నూటికి నూరు శాతం ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సందేహం వస్తే దగ్గరి పేరు ఇవ్వాలి. మధుమూర్తి యంత్రాన్ని మార్చాడు. కాగితం వర్గీకరణ విభాగాధిపతి సంతకానికి వచ్చింది. రెండు రోజులు పెట్టనంది. మూడో రోజు, పెట్టకపోతే నమూనాల మ్యూజియం మూసేస్తామన్నారు. నలభై వేల గాజు సీసాలు, వందేళ్ల సేకరణ. ఆ సీసాల కోసం పెట్టింది. ఏడాది తిరక్కుండా మ్యూజియం ఎలాగూ మూసేశారు, పోలిక ఉండగా సీసాలెందుకని.

ఆ తర్వాత ఈ తీరంలో ఒక్క కొత్త జాతి కూడా దొరకలేదు. మన సముద్రం పూర్తిగా తెలిసిపోయిందని సంస్థ ఏటా నివేదికలో గొప్పగా రాసుకుంటుంది.

"ఆలోచించుకుంటాను," అంది పేరిందేవి, పెంకులు సంచిలో వేసుకుంటూ. "నువ్వు కూడా ఆలోచించు. నీకు 'తెలియదు' అనే మాట మొదటిసారి నేర్పినప్పుడు ఎంత సంతోషించావో గుర్తు తెచ్చుకో."

*

పెంకులు చాలవు. ప్రజాతిని వర్ణించాలంటే పూర్తి జీవులు కావాలి, ఆడదీ మగదీ. అప్పలకొండ బాబాయి అదే పడవలో మళ్లీ కాలవ దాటాడు. వెళ్లొద్దని బాబాయి కూతురు ఏడ్చినా అప్పలకొండ కూడా అతనితోనే వెళ్లింది. మూడో రోజు తడిగోనెలో చుట్టి ఆరు తెచ్చారు, ఐదు బతికి ఉన్నవి.

పేరిందేవి భోజనాల బల్ల ప్రయోగశాల అయింది. మూలనున్న పాత మైక్రోస్కోపు తుడిచి అద్దాలు సరిచేసుకుంది. పొద్దున ఆరింటికి కూర్చుంటే వెలుతురు పోయేదాకా లేచేది కాదు. డొప్ప పొడవు, వెడల్పు, అంచున పళ్లెన్ని. ఎడమ వైపు ఏడు, కుడి వైపు ఏడు. ఒకదానికి మాత్రం ఎనిమిది, అది కూడా రాయాలి. పలకల అంచు రంపంలా ఉందా, నున్నగా ఉందా. ఆడదాని ఐదో జత కాలి చివర చిన్న పట్టకారు ఉందా. నోటి చుట్టూ ఉండే కాళ్లు ఒక్కొక్కటీ విడదీసి, నీళ్లలో తేల్చి, పెన్సిలుతో బొమ్మ వేసుకుంది. ఒక్క కంటిగుంట బొమ్మకే రెండు రోజులు పట్టింది. వంకర గీత వస్తే చెరిపి మళ్లీ వేసింది. ఈ గీతల మీద ఒక మనిషి బయటికి రావడం ఆధారపడి ఉంది.

నాలుగో రోజు కాలేయంలాంటి పచ్చటి గ్రంథిని కోస్తుంటే తోకముల్లు వేలికి గుచ్చుకుంది. రెండు నిమిషాల్లో వేలికొస మొద్దుబారింది. పేరిందేవి కేక పెట్టలేదు. అప్పలకొండను పిలిచి, గడియారం చూసి రాయమంది.

"ఆస్పత్రికి పోదారండి అమ్మగారూ!"

"వెళ్దాం. ముందు రాయి. పది గంటల పన్నెండు నిమిషాలకు వేలు. పదీ ఇరవైకి అరచెయ్యి."

మణికట్టు దగ్గర ఆగింది తిమ్మిరి. మర్నాటికి దిగింది. ఆ గ్రంథి ముక్కను ఒక వైద్య కళాశాల విషశాస్త్ర విభాగానికి పంపితే, ఆమె అనుమానించిన విషమేనని, ఉడికించినా పోదని రాసిచ్చారు.

వర్ణన పూర్తయింది. పేరు మిగిలింది. పేరిందేవి జైలుకు వెళ్లి అడిగింది.

"దానికి నీ పేరు పెడదామనుకుంటున్నా కొర్లమ్మా."

కొర్లమ్మ అదిరిపడింది. "విసపుదానికి నా పేరేటమ్మా! ఒద్దొద్దు." తర్వాత నెమ్మదిగా అంది: "ఎర్రన్న పేరెట్టండి. మా ఆయన పేరు. ఆడు తిని పోనాడని అందులో రాయండి. పుస్తకంలో ఆ పేరుంటే సదివినోడెవుడూ మళ్లీ తిన్డు."

రాసింది. ప్రజాతి: ఎర్రన్నియా. తర్వాత, ఏ శాస్త్ర పత్రికలోనూ సాధారణంగా కనిపించని ఒక వాక్యం: గరికిన ఎర్రన్న అనే మత్స్యకారుడు దీన్ని తిని మరణించాడు, ఈ పేరు అతనిది. సంపాదకుడు ఆ వాక్యం తీసేయమన్నాడు. తీయనంది. మూడు ఉత్తరాలు నడిచాక అలాగే అచ్చు వేశాడు.

*

కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. ప్రభుత్వ న్యాయవాది ఒక పోలికను అక్కడికే తెప్పించాడు. "వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయాలు వారికుంటాయి," అన్నాడు. "చట్టం గుర్తించింది మాత్రం దీన్నే." పేరిందేవి తెచ్చిన తొట్టిలోంచి బతికున్న రొయ్యనొకదాన్ని గాజు మీద పెట్టించాడు. నీలి వెలుగు తిరిగింది. పచ్చ చీటీ వచ్చింది.

ఇసుక పలకరొయ్య. తినవచ్చు.

"చూశారుగా," అన్నాడు న్యాయవాది.

బోనులో కొర్లమ్మ తల దించుకుంది. పేరిందేవి సాక్షి స్థానంలో ఉంది. తాను తెచ్చిన బొమ్మలు, కొలతలు, విష నివేదిక అన్నీ మేజిస్ట్రేటు ముందున్నాయి. ఆయన మాత్రం చీటీ వైపే చూస్తున్నాడు.

"అయ్యా," అంది. "అదే గాజు మీద ఇంకొకటి పెట్టనిస్తారా?"

"ఏమిటది?"

ఆమె వంగి కుడికాలి చెప్పు విప్పింది. గోధుమరంగు తోలు చెప్పు, అరిగినది. హాల్లో గుసగుసలు లేచాయి. న్యాయవాది అభ్యంతరం అని అరిచాడు. కోర్టును అవమానించడమన్నాడు.

"అవమానం కాదు. దీని పేరేమిటో చట్టం గుర్తించిన యంత్రాన్ని చెప్పనివ్వండి."

మేజిస్ట్రేటు పెట్టమని తల ఊపాడు.

నీలి వెలుగు ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. యంత్రం గుర్రుమంది. చీటీ వచ్చింది. బంట్రోతు దాన్ని చదవబోయి ఆగిపోయి, మేజిస్ట్రేటు చేతికిచ్చాడు. ఆయన రెండుసార్లు చదువుకుని పైకి చదివాడు.

"ఇసుక పలకరొయ్య. తినవచ్చు."

వెనక బల్లల్లో ఎవరో పకపకా నవ్వారు. నవ్వు హాలంతా పాకింది. పేరిందేవి మాత్రం నవ్వలేదు.

"నవ్వకండి!" అంది. "ఇది నవ్వే విషయం కాదు. ఇలాంటి చీటీనే నమ్మి నలుగురు అన్నం తిన్నారు. ఆమె మొగుడు తిన్నాడు. తెలియదని చెప్పడం దీనికొచ్చు. చెప్పేది కూడా. వేలం ఆలస్యమవుతోందని ఆ మాట తీసేశారు. తెలియనిదానికల్లా తెలిసిన పేరు తగిలించమన్నారు. విషం కలిపింది ఈవిడ కాదు. విషానికి పచ్చ చీటీ ఇచ్చినవాళ్లు బయట తిరుగుతున్నారు."

"ఆ మాట తీయించిందెవరు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"ఉత్తర్వు పైనుంచి వచ్చింది. మార్పు చేసింది నా శిష్యుడు. ఒప్పుకుంటూ కింద సంతకం పెట్టింది నేను." ఆమె కొర్లమ్మ వైపు తిరగలేకపోయింది. "నామీద ఏ కేసు పెట్టాలో పెట్టండి. ముందు ఆమెను వదలండి."

వెనక వరసలో కూర్చున్న మధుమూర్తి లేచాడు. వెళ్లిపోతాడనుకుంది. ముందుకు వచ్చి, జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు కొర్లమ్మ తట్టకు యంత్రం కట్టిన అంకె: యాభై మూడు.

*

కొర్లమ్మ మొత్తం నలభై ఏడు రోజులు జైల్లో ఉండి ఇంటికి వచ్చింది. మధుమూర్తిని వారంలోగా బదిలీ చేశారు. పేరిందేవి మీద విచారణ వేశారు. మూడుసార్లు పిలిచి, అన్నీ ఒప్పుకుంటుంటే ఏం రాయాలో తెలియక మూసేశారు. ఉత్తర్వు ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడా రాలేదు. నలుగురి చావుకూ బాధ్యులు ఎవరూ లేరు. ఎర్రన్నియాను మాత్రం పోలికలో చేర్చారు, ఎర్రచీటీతో. 'తెలియదు' జవాబును తిరిగి పెట్టడం వ్యాపార సౌలభ్యం దృష్ట్యా సాధ్యం కాదని పేరిందేవి అర్జీకి రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఆ ఉత్తరం పట్టుకుని ఆమె రేవుకు వెళ్లింది. చేపలమ్మే ఆడవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని చదివి వినిపించింది. ఇంతకంటే ఏమీ చేయలేకపోయానంది.

"మిషన్ సెప్పకపోతే మనం సెప్పలేమేటి?" అంది కొర్లమ్మ.

మర్నాటి నుంచి రేవులో వేలం పాట దగ్గర ఒక గంప వేరుగా కూర్చుంది. ఎప్పుడూ చూడనిది, చూసినా ఏదో తేడాగా ఉన్నది వలలో పడితే అందులో వేస్తున్నారు. పచ్చ చీటీ వచ్చినా సరే. పేరిందేవి తన మైక్రోస్కోపు తెచ్చి ఐసు పెట్టెల పక్కన రేకు కింద పెట్టుకుంది. అప్పలకొండ పక్కన కూర్చుని పళ్లు లెక్కపెట్టడం నేర్చుకుంటోంది.

పదో రోజు తనిఖీ అధికారి వచ్చాడు. గంపలో ఒక పలకరొయ్య, రెండు పీతలు ఉన్నాయి. వాటి చీటీలు పక్కనే రాయి కింద ఉన్నాయి.

"చీటీ వచ్చిన సరుకు ఆపడం నేరం. తెలుసా?" అన్నాడు. "ఏముంది ఆ గంపలో?"

కొర్లమ్మ లేచి నిలబడింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లూ లేచారు, తడి చేతులు చీరలకు తుడుచుకుంటూ.

"తెలవదు బాబూ," అంది. "తెలిసీదాకా అమ్మం."